క్రోయిడన్ నుంచి ఎత్తిన గేటు

క్రోయిడన్

ప్రియమైన హెప్సీ,

ఫోన్ చేయలేదని అలగకు. రోజంతా చెవిలో ముక్కూమొహం తెలియనివాళ్ల గొంతులే. షిఫ్ట్ దిగాక ఫోన్ ముట్టబుద్ధి కాదు. అందుకే ఈ ఉత్తరం.

మా కంపెనీకి యూరప్‌లో ఐదు దేశాల్లో కార్ పార్కులున్నాయి. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో గేటు దగ్గర ఇరుక్కున్నవాడు హెల్ప్ బటన్ నొక్కినా ఇక్కడ, లండన్ శివారులో కిటికీ లేని ఈ గదిలో, నేనే పలుకుతాను. కారు నంబర్ సిస్టమ్‌లో ఉంటే గేటు ఎత్తుతాను. లేకపోతే అక్కడి గార్డు వచ్చేదాకా ఆగమంటాను. నంబర్ లేకపోయినా తెలిసినవాళ్లకు గేటు ఎత్తాడని నాతో పనిచేసే సుహాస్‌ను తీసేశారు. ఉద్యోగంతోపాటు వీసా కూడా పోయింది.

అందరినీ బయటికి పంపే నేను మాత్రం ఇక్కడ్నుంచి కదల్లేను. నీ వీసా మీద డిపెండెంట్‌గా బెల్‌ఫాస్ట్ వచ్చేయమని మళ్లీ రాశావు. పెళ్లాం చాటున బతకడం నా వల్ల కాదు. ఆ మాట ఇక అనకు.

నీ అనూప్

బెల్‌ఫాస్ట్

ప్రియమైన అనూప్ గారికి, వందనాలు.

సరే, అననులెండి. ఇంకో సంగతి చెప్పాలి. మొన్న ఆదివారం డ్యూటీ దిగి, మా హాస్పిటల్ కింద మీ కంపెనీ కార్ పార్కులోనే ఇరుక్కుపోయాను. నాతో పనిచేసే జెస్లిన్ కారు తీసుకెళ్లాను. నంబర్ ప్లేటు నిండా బురద, కెమెరా చదవలేదు, నంబర్ సిస్టమ్‌లోకి ఎక్కలేదు. వెనక్కి పోదామంటే లోపలి షట్టర్ దిగిపోయింది. లిఫ్టెక్కితేనే నాకు ఊపిరాడదని మీకు తెలుసుగా.

బటన్ నొక్కితే మీ గొంతు. ఏడుపొచ్చింది. పేరు చెప్పబోయి నోరు మూసుకున్నాను. మాటలన్నీ రికార్డవుతాయి కదా, సుహాస్ గతి మీకు పట్టకూడదు. ఎవరో అన్నట్టు ఇంగ్లీషులో మాట్లాడాను. గార్డు వచ్చేదాకా ఆగమన్నారు. గార్డు రాలేదు గానీ, కాసేపటికి గేటు లేచింది.

పరాయి మనిషి మీద కూడా మా ఆయనకు జాలి ఉందని సంబరపడుతూ ఇంటికెళ్లాను.

మీ హెప్సి

క్రోయిడన్

ప్రియమైన హెప్సీ,

పరాయి మనిషి అనుకోలేదు. ఇంగ్లీషు బాగానే మాట్లాడావు గానీ, చివర్లో సన్నగా "యేసయ్యా" అన్నావు. లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని అనేదీ అలాగే. నువ్వని తెలిసే ఆగమన్నాను. లైను పెట్టేయలేకపోయాను. నీ ఊపిరి వినిపిస్తూనే ఉంది. సుహాస్ గుర్తొచ్చాడు, వీసా గుర్తొచ్చింది. అయినా ఎత్తేశాను.

నిన్న మేనేజర్ ఆ రికార్డింగ్ వినిపించి, ఈవిడ ఎవరో తెలుసా అని అడిగాడు. తెలియదంటే వార్నింగ్‌తో వదిలేసేవాడేమో.

"నా భార్య," అన్నాను.

ఉద్యోగం పోయింది. నీ దగ్గరికి ఇలా రావడం సిగ్గుగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ మాట అన్నాక గుండెల మీద బరువు దిగినట్టుంది.

ఆ డిపెండెంట్ అప్లికేషన్ మొదలుపెట్టు. ఈసారి హెల్ప్ బటన్ నొక్కుతున్నది నేను.

నీ అనూప్