పిడి మీద గళ్ళు

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప. మీ వదినకి మోకాలి నొప్పి తగ్గింది. నా కడుపుమంటే తగ్గలేదు.

మన పాత ఖాతాదారు, ఆ మీసాల వకీలు, నిన్న తన తుపాకీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కర్రభాగం కొత్తది. మీ ఆయన కొట్లో చేయించాడట. చెక్కను చూడగానే గుర్తుపట్టాను. తేనెరంగు వాల్‌నట్, దాని మీద పొగ పాకినట్టు నల్లటి చారలు. ఆరడానికి వకీలు దాన్ని అటకెక్కించిన నాటి నుంచీ నా కన్ను దాని మీదే. వెళ్ళినప్పుడల్లా తడిగుడ్డతో తుడిచి, ఆ చారలు చూసుకుని వచ్చేవాణ్ణి. నాకే ఇస్తాడనుకున్నాను. నోటిదాకా వచ్చిన ముద్ద మీ ఆయన ఎత్తుకుపోయాడు.

ఓసారి చూడవయ్యా, తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పు అని వకీలు దాన్ని వదిలి వెళ్ళాడు. పట్టు జారకుండా పిడి మీద కోసే గళ్ళలో ఒక్క గీత అంచు దాటినా దిద్దడం కుదరదు. అందుకే భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. అంచు దాటిన గీత లేదు. విరిగిన గడి లేదు. బొటనవేలు ఆనే వంపులో నా గీతలే ఇరుకవుతాయి, అక్కడ కూడా సమానంగా ఉన్నాయి. అన్నం సహించలేదు. ఊళ్ళోవాళ్ళ గళ్ళు చూస్తే మీ కడుపు నిండదు, లేచి చేతులు కడుక్కోండి అంది మీ వదిన.

నీ దగ్గర దాపరికమేం, ఏడుపొచ్చింది. నాన్న చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నది నేను. నువ్వేమో పక్కన కూర్చుని ఎడమచేత్తో నూనెగుడ్డ అందించేదానివి. నీ మోచెయ్యి తగిలి నా గీత వంకరపోతే దెబ్బలు నాకే. మొన్నమొన్న ఉలి పట్టిన నీ మొగుడికి ఇంత విద్య ఎలా అబ్బింది? వకీలు వస్తే ఏదో వంక పెట్టి, గళ్ళు మళ్ళీ కోయాలని చెప్పేద్దామనుకుంటున్నాను. నీకు కోపం వస్తే రానీ.

ఇట్లు,
కుళ్ళుబోతు అన్నయ్య

తా.క. ఉత్తరం మడిచాక ఆ పిడి ఇంకోసారి చూశాను. ఉలి మొదలుపెట్టిన చోట తేలిగ్గా, ఆపిన చోట లోతుగా దిగుతుంది కదా. ఇక్కడ ప్రతి గీతా కుడిచేతివాడు ఆపే చోట మొదలైంది. మీ ఆయన కుడిచేతివాడే. ఆ ఇంట్లో ఎడమచెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

వకీలుకి వంక చెప్పను. నాన్న గీతలు కోసిన ఉలి నా పెట్టెలో ఉంది. పోస్టులో పంపడానికి మనసు రావడం లేదు, కుళ్ళు ఇంకా చావలేదు. నేను మనసు మార్చుకోకముందే నువ్వే వచ్చి పట్టుకుపో.