కల్లే గదా

తాండూరు,
బుధవారం పొద్దున.

మా లక్ష్మక్కకు తమ్ముడు అంజిలయ్య దండాలు. బావకు కూడా.

మీరంతా బాగున్నారని తెలిస్తేనే నాకు ఇక్కడ తిన్నది ఒంటికి పడుతుంది. బావ మోకాలు నొప్పి తగ్గిందా? చిన్నోడు గడప దాటుతున్నాడా? మన కంది పూతకొచ్చిందని నువ్వు అన్నప్పటి నుంచి, ఇక్కడ దారి పక్కన ఎవరి చేను కనిపించినా ఆగి చూస్తున్నాను. నా గురించి ఫికర్ పడకు. నేను బాగున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నీ ఫోన్ సంగతి నాకు తెలియదా అక్కా? ఎవరు చేసినా స్పీకర్ పెట్టి గడప మీద పెడతావు. పక్కింటి బాలమణి పెద్దమ్మ నీకంటే ముందే జవాబు చెబుతుంది. ఇప్పుడు చెప్పేది ఆమె కొడుకు నర్సింలు సంగతి. అందుకే రాస్తున్నాను. బావా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. నీకు నచ్చని మాట వచ్చినచోట మింగేసి ముందుకు పోవద్దు. పొల్లు పోకుండా చదువు.

చిన్నోడి పుట్టువెంట్రుకలకు అనంతగిరి గుట్టకు పోదామని, పై నెల మొదటి ఆదివారం నర్సింలును బండి తీసుకుని రమ్మన్నావట. పన్నెండు మంది, పిల్లలతో సహా. అక్కా, ఆ బండిలో రావద్దు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా విను.

ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది గదా. మొదట బండల పాలిష్ షెడ్డులో వేశారు. పొద్దంతా నీళ్లలో నిలబడి కాలివేళ్ల సందులు ఒరిసిపోయేవి. తర్వాత లోడింగ్‌కు మార్చారు. గని నుంచి బండలు బండికెత్తి షెడ్డుకు తేవాలి. బండలను పరిచి పెట్టరు. అంచు మీద నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి, తాడు బిగిస్తారు. బండి నడిపేది నర్సింలు. పైన మేం కూర్చుంటాం. నేనూ, సేడం దిక్కు నుంచి వచ్చిన బసప్పా. బండ ఎత్తిన ప్రతిసారీ అతను "నిధాన, నిధాన" అంటాడు. కన్నడంలో మెల్లగా అని. నాకు కన్నడంలో వచ్చిన మాట అదొక్కటే.

వంట నాదే. నేను చేసిన జొన్నరొట్టె చూసి నర్సింలు, "గిది రొట్టెనా, పాలిష్ చెయ్యని బండనా?" అనేవాడు. అయినా మూడు తినేవాడు. పని లేనినాడు బస్టాండుకు పోయి కూర్చుంటాను. కొడంగల్ బోర్డున్న బస్సు కనబడితే కాళ్లు అటే లాగుతాయి. కానీ బాగానే ఉన్నాను, నిజంగా.

నర్సింలు నాకు చేసింది నేను మరవలేదు. పని ఇప్పించింది వాడు. రూములో సగం ఇచ్చింది వాడు. వానకాలంలో జ్వరమొచ్చి లేవలేకపోతే భుజాన వేసుకుని దవాఖానకు మోసుకుపోయింది కూడా వాడే. అసొంటి వాడి మీద రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇక్కడొక రివాజు ఉంది. లోడు కట్టి తాడు బిగించాక, లోడింగ్ వాళ్లలో ఒకరు డ్రైవర్‌కు కల్లు సీసా ఇప్పించాలి. ఒకనాడు నేను, ఒకనాడు బసప్ప. గొంతులో చేరిన దుమ్ము, దుబ్బ కిందికి దిగాలని. దాన్ని ఎవరూ తాగుడు అనరు. బీరు తాగితే తాగినట్టు, విస్కీ తాగితే తాగినట్టు. కల్లు చలువ, కల్లు మందు. మనింట్లో మటుకు? జ్వరమొస్తే నాకు అమ్మ కల్లే పట్టేదని నువ్వే గదా చెప్పావు. పోయిన దసరాకు నర్సింలు బండి తెస్తే మొదటి గ్లాసు పోసింది నువ్వే. "దూరం నడపాలె తమ్మీ, జర కడుపుల పడనీ" అన్నావు. నేను అక్కడే ఉన్నాను, నవ్వుతూ.

నెల కింద ఒకనాడు వంతు నాది. మిట్టమధ్యాహ్నం, ఎండ పెళపెళలాడుతోంది. రెండు సీసాలు అయ్యాక "ఇంకొక్కటి చెప్పుర అంజిలూ" అన్నాడు. చెప్పాను. నా చేత్తోనే అందించాను.

కంది చేల దగ్గర మలుపు తిరిగితే ఎదురుగా గొర్ల మంద రోడ్డు దాటుతోంది. బ్రేకు పడింది, కానీ ఆలస్యంగా పడింది. తాడు తెగింది. బసప్ప అటు, నేను ఇటు దూకాము. నా కాలు ఉన్నచోట బండ పడి రెండు ముక్కలైంది. నాకేమీ కాలేదక్కా, మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఒక గొర్రె చక్రం కింద పడి చచ్చిపోయింది. మంద వెనక గొంగడి వేసుకుని ఒక ముసలవ్వ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. బండికీ ఆమెకూ నాలుగడుగుల దూరం.

నర్సింలు దిగి గొర్రె తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. వాళ్ల నాయిన గొర్ల కాపరే గదా, నీకు తెలుసు. అవ్వ వాణ్ని ఏమీ అడగలేదు. నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసి అడిగింది.

"కొడుకా, గీ పిలగాడు తాగి నడుపుతున్నడా?"

"లేదవ్వా. తాగలే," అన్నాను.

తడబడలేదు, కళ్లు దించుకోలేదు. అబద్ధమని అనిపిస్తే గదా తడబడేది! కల్లే గదా. గొర్రె సంగతి షెడ్డు మేనేజర్ మాట్లాడి తెంపాడు. పొద్దుగూకక ముందే షెడ్డుకు వచ్చాము. అన్నం తినబోతే నా చెయ్యి కల్లు వాసన వచ్చింది. పళ్లెం పక్కకు పెట్టి చెయ్యి కడుక్కొచ్చాను.

మళ్లీ నా వంతు వచ్చిన రోజు సీసాకు బదులు మజ్జిగ పట్టుకుపోయాను.

"ఏందిర ఇది?" అన్నాడు నర్సింలు.

"మజ్జిగ. దుబ్బ దీంతోటి కూడా దిగుతది."

"పరాచికాలొద్దు. కల్లేది?"

"బండి షెడ్డుల పెట్టినంక ఇప్పిస్త. రెండు తాగు, నాలుగు తాగు, వద్దంటే నన్నడుగు."

"నేనేమన్న ఊగుతున్ననా? ఎన్నడన్న కింద పడ్డనా?"

"నువ్వు పడలే. బండలు పడ్డయి."

వాడి మొహం మాడిపోయింది. "జెరమొస్తే మోసుకపోయిన. రూముల పెట్టుకున్న. గిప్పుడు నన్నే తాగుబోతంటవా?" అన్నాడు. నేను బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. పెద్ద మొగోణ్ని అయ్యాననుకున్నాను. వాడు సీటు కింద నుంచి ఇంకో తాళంచెవి తీశాడు. దుకాణం ముందు ఆపి, తనే కల్లు తాగి, బండి నడుపుకుంటూ పోయాడు. పైన బసప్ప కూర్చున్నాడు. నేను ఎక్కలేదు. షెడ్డు దాకా నడుచుకుంటూ వచ్చి, మళ్లీ పాలిష్ పనికే మార్చమని అడిగాను. కాలివేళ్లు మళ్లీ ఒరుస్తున్నాయి. అది జరిగిన మూడో రోజు బసప్ప కూడా లోడింగ్ వదిలి వచ్చేశాడు. ఎందుకని అడిగితే "నిధాన" అన్నాడు, అంతే.

మేనేజర్‌కు చెప్పాలా వద్దా అని మస్తు ఆలోచించాను. చెబితే వాడి పని పోతుంది, పెద్దమ్మకు వాడు పంపేది ఆగిపోతుంది. చెప్పకపోతే ఇంకో మలుపులో ఇంకో అవ్వ నిలబడి ఉంటుంది. వాణ్ని అడిగాక చెబుదామని ఆగాను. వాడేమో మాట్లాడడం మానేశాడు. ఒకటే రూము, రెండు పళ్లాలు, మాటల్లేవు. నా రొట్టెలను వెక్కిరించే వాడే లేడు. ఈ నెల రోజుల్లో నాకు ఊరు గుర్తొచ్చినంత ఈ ఎనిమిది నెలల్లో ఎన్నడూ రాలేదు.

మొన్న ఆదివారం ఆ మలుపు దాకా పోయి అవ్వను వెతికాను. చేను గట్టు మీద సద్ది విప్పుకుంటోంది. కాళ్లకు మొక్కి చెప్పాను. "అవ్వా, ఆనాడు నీకు అబద్ధం చెప్పిన. డ్రైవర్ తాగిండు. మూడు సీసాల కల్లు. తాపింది నేనే."

తిడుతుందనుకున్నాను, కర్రతో కొట్టినా పడదామనుకున్నాను. అవ్వ రొట్టె తుంచుతూ, "కల్లేనా? అయితె అబద్ధమేం జెప్పినవ్ బిడ్డా? కల్లే గదా," అంది. సగం రొట్టె నా చేతిలో పెట్టింది.

అక్కా, నాకు ఏడుపొచ్చింది. చచ్చింది ఆమె గొర్రె. ఇంకో నాలుగడుగులైతే చచ్చేది ఆమె. ఆమెకు కూడా అది తాగుడు కాదు. మరి నాది తప్పని అనేవాళ్లు ఎవరున్నారు? నువ్వు అనవు, బావ అసలే అనడు. నాకు నేనే అనుకోవాలి.

నిన్న అన్నం తినేటప్పుడు, వింటే వింటాడు లేకపోతే లేదని, అవ్వ అన్న మాట గోడకు చెప్పినట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నర్సింలు తినడం ఆపాడు.

"ముసలామె నిజంగ గట్లన్నదా?"

"అన్నది."

పళ్లెం పక్కకు జరిపాడు. "గొర్లను జూసిన అంజిలూ. జూసే బ్రేకేసిన అని అందరికి చెప్పుకుంటున్న గదా. అవ్వను చూడలే. బండి దిగినంకనే ఆమె కనబడ్డది."

చెయ్యి కడుక్కుని వచ్చి తనే మళ్లీ అన్నాడు. "అక్కకు జెప్పు. అనంతగిరికి బండి రాదు. నేను బస్సుకొస్త. నాకు కూడ సీటు ఆపుమను." తాగుడు బంద్ చేస్తానని అనలేదు. నేను అడగలేదు. మేనేజర్‌కు మాత్రం నువ్వే చెప్పు, లేకపోతే నేను చెబుతానన్నాను. "రేపు ఇద్దరం పోదాం" అన్నాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వాడితో కలిసి పోతున్నాను. ఏమవుతుందో చూడాలి.

కాబట్టి మీరు కొడంగల్‌లో బస్సెక్కి తాండూరులో దిగండి. మేమిద్దరం బస్టాండులో ఉంటాము. అక్కడి నుంచి వికారాబాద్ పోయి గుట్టకు ఇంకో బస్సు పట్టుకుందాం. పిల్లలతో ఇబ్బందే, కానీ చిన్నోణ్ని నా ఒళ్లో కూర్చోబెట్టుకునే మేనమామను నేనే గదా, వాణ్ని దారంతా నేనే ఎత్తుకుంటాను. వచ్చేటప్పుడు పాత గొంగడి ఒకటి తీసుకురా, ఇక్కడ రూములో కింద కూడా బండలే, వీపు చల్లబడుతోంది. కొంచెం ఎల్లిపాయ కారం కూడా.

కల్లు తెస్తే తే బావా, నిన్ను వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ మొక్కు అయ్యి, గుట్ట దిగి, అందరం ఇంటికి చేరాక విప్పుదాం. మొదటి గ్లాసు అప్పుడు అక్కే పోస్తుంది.

అమ్మమ్మకు, ఇంటి పెద్దలందరికీ నా దండాలు చెప్పండి. పిల్లలకు ముద్దులు. మీ దీవెన ఉంటే నాకేమీ కాదు.

బాలమణి పెద్దమ్మ ఈ ఉత్తరం ఏమిటని తప్పకుండా అడుగుతుంది. నర్సింలు బాగున్నాడని చెప్పు, అది నిజమే. నా కొడుకు తాగుతున్నడా అని అడిగితే మాత్రం, అక్కా, నాలాగా లేదనకు. కల్లు తాగుతున్నడు అని చెప్పు.

నువ్వు పెంచిన తమ్ముడు,
అంజిలయ్య