స్వరూపక్క ఖాళీ రైఫిల్

ఆదివారం, నాచారం.

ఈరోజు ఉప్పల్ పోటీలో స్వరూపక్కను నేనే బయటికి పంపాను. ఇన్నాళ్లూ పక్కపక్కన నిలబడి కాల్చినవాళ్లం. సేఫ్టీ ఆఫీసర్‌గా నాకిది మొదటి పోటీ.

చివరి రౌండుకు ముందు అక్క తన ఎయిర్ రైఫిల్‌ను బల్ల మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లింది. గొట్టంలో నారింజ రంగు తాడు లేదు. లోపల పెల్లెట్ గుండు లేదని అందరికీ కనబడేందుకే ఆ తాడు. అది పెట్టకుండా కదిలితే అవుటే. మేం ప్రాక్టీసు చేసే నాచారం షెడ్డులో దాన్ని ఎవరం పెట్టం. "ఖాళీనే ఉంది" అని నోటితో చెప్తే చాలు, నమ్మేస్తాం. నేనూ అంతే, సర్టిఫికెట్ వచ్చేదాకా.

అక్క తిరిగి రాగానే అవుటని చెప్పాను. "ఖాళీనే ఉంది చెల్లె, సూడు" అంది.

"రూలు గట్లనే ఉంది అక్కా."

"నీ సర్టిఫికెట్ ఫీజుకు నా ఓవర్‌టైం పైసలే ఇచ్చిన గదా! అందరి ముంగట గిట్ల జేస్తవా?"

మల్లాపూర్ ఫ్యాక్టరీలో నాకోసం రెండేసి షిఫ్టులు నిలబడిన మనిషి. రైఫిల్‌ను బల్ల మీదే వదిలేసి బోడుప్పల్ ఆటో ఎక్కి పోయింది. "మస్తు స్ట్రిక్టు మేడం" అని పోటీ పెట్టినాయన నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పును ఏ గోడకు తగిలించుకోను?

అక్క వెళ్లాక రైఫిల్‌ను తెరిచి చూడాల్సింది కూడా నేనే. ప్రమాదం జరగకుండా చూస్తానని సంతకం పెట్టినదాన్ని, లోపల ఒక్క పెల్లెట్టయినా ఉండాలి ప్రభువా అని ప్రార్థన చేసుకుంటూ తెరిచాను.

ఖాళీనే ఉంది.