పాతర మూత

17 మార్చి 1974

పాతర మూసేశాం.

ఊరి దిబ్బ మీద తవ్విన గొయ్యి అది. నిలబడ్డ మనిషి మీద ఇంకో మనిషి నిలబడేంత లోతు. మూతి మాత్రం సన్నం. భుజాలు ముడుచుకుని దిగాలి. గోడలకు చొప్ప పేర్చి, ఊరందరి జొన్నలూ అందులో పోశాం, సగానికి వచ్చాయి. పైన బండ, బండ చుట్టూ మట్టి, మట్టి మీద పేడ అలుకు. గాలి చొరకూడదట. మా అత్త దగ్గరుండి చేయించింది. ఆమె చిన్నప్పుడు ప్రతి ఇంటికీ ఒక పాతర ఉండేదట. తర్వాత తర్వాత పోయడానికి గింజలే మిగల్లేదు.

ఈ ఆలోచన రాజమౌళన్నది. నాందేడ్ మిల్లులో పనిచేసి, కరువు ఏడాది ఊరికి తిరిగొచ్చాడు. చలికాలమంతా ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు. "మన జొన్నలు కళ్లంల కెళ్లే ధర్మాబాద్ సావుకారి ఇంటికి పోతున్నయి. వానకాలంల మనమే పోయి గవే జొన్నలు అప్పు తెచ్చుకుంటున్నం. తిండి ఊర్లనే ఉంటే బొంబై ఎందుకు పోవాలె, చెరుకు కొట్ట ఎందుకు పోవాలె?"

పొలాన్ని బట్టి ప్రతి ఇల్లూ పోసింది. పొలం లేనివాళ్లు తమ వాటా కింద వాగు మీద మట్టికట్ట పని చేస్తారు. వాన పడి విత్తనాలు వేశాక పాతర తెరుస్తాం. అందరం పంచుకుంటాం, పంట రాగానే తిరిగి పోస్తాం.

పాతర చూసుకునే కమిటీలో నన్నూ వేశారు. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే.

20 మార్చి

బోధన్‌లో ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను. సరిహద్దుకు ఇవతల, ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు కానీ చదివింది మరాఠీ. అత్త అదీ చదవలేదు. అందుకే ఇక్కడ ఏం రాసినా భయం లేదు. మా ఆయన పేరు కూడా రాయొచ్చు. నాగేశ్వర్. నాగేశ్వర్. నాగేశ్వర్.

నాగేశ్వర్‌కు పాతర మీద నమ్మకం లేదు. మా వాటా జొన్నలు పోశాడు, మాట మాత్రం పోయలేదు. బొంబాయిలో దోస్తు ఉన్నాడు, గోదీలో, ఓడల రేవులో, పని ఇప్పిస్తానంటున్నాడు.

2 మే

కట్ట పని నడుస్తోంది. పొలం ఉన్నవాళ్లూ వస్తున్నారు. ఎండకు తట్ట అంచు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పక్కింటి మైసవ్వ ఈ వయసులో కూడా తట్ట మోస్తోంది. ఆమె కొడుకు పోచన్న నిన్ననే వచ్చాడు. మూడు నెలలు నిజామాబాద్ వైపు చెరుకు కొట్టాడు. వాళ్లావిడ కాశీబాయికి ఎనిమిదో నెల.

11 జూన్

మబ్బు వస్తుంది, పోతుంది.

కాశీబాయికి ఆడపిల్ల. కర్ఖేలి నుంచి నర్సు వచ్చింది.

17 జూన్

వాన లేదు.

మైసవ్వ మా వాకిట్లో వచ్చి కూర్చుంది. నీళ్లిచ్చాను, తాగలేదు. చెంబు పక్కన పెట్టి చెప్పింది. "బిడ్డా, పోరికి పాలు పడ్తలేవు. తల్లి తింటే గదా పాలు. పాతరల మా గంప గూడ ఉన్నది. మా గంపంత ఇయ్యుండ్రి."

నా చేతిలో లేదని చెప్పాను. కమిటీలో అడుగుతానన్నాను. మా ఇంట్లో ఉన్న జొన్నపిండిలో సగం ఇచ్చాను. అది మూడు పూటలకు వస్తుందేమో.

19 జూన్

చావిడిలో మీటింగ్.

రాజమౌళన్న చెప్పింది ఇది. పాతర ఒకసారి తెరిస్తే గాలి, చెమ్మ చొరుతాయి. ఒక గంప తీసి మళ్లీ మూస్తే మిగతాది పురుగు పడుతుంది. తీస్తే అంతా తీయాలి. ఇప్పుడే తీస్తే విత్తనాలనాటికి ఏం ఉండదు, శ్రావణంలో అందరం సావుకారి వాకిట్లో ఉంటాం. "ఇంకో పది రోజులు పండ్లు బిగబడుదం" అన్నాడు. అతని ఇంట్లో కూడా ఒక పూటే పొయ్యి వెలుగుతోందని అందరికీ తెలుసు.

పోచన్న లేచి, పది రోజులని పసిపిల్లకు ఎవరు చెప్తారని అడిగాడు.

ఆగుదామనేవాళ్లను చెయ్యి ఎత్తమన్నారు. చాలా చేతులు లేచాయి. నాదీ లేచింది. నాగేశ్వర్ ఎత్తలేదు. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నాకన్నా ముందు నడిచాడు.

22 జూన్

ఇంటికో గుప్పెడు తీసి కాశీబాయికి ఇవ్వాలని ఆడవాళ్లం అనుకున్నాం. కొన్ని ఇళ్లు ఇచ్చాయి. కొన్ని తలుపులు మూసే ఉన్నాయి. మూసినవాళ్ల మీద నాకు కోపం రాలేదు. వాళ్ల గిన్నెలు నేను చూశాను.

24 జూన్, సాయంత్రం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం ఊరంతా కట్ట పని మీద ఉంది. అత్తకు జ్వరం, అందుకని నేను ఇంట్లో ఉన్నాను. కాశీబాయి పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పోచన్న గింజలు తెస్తానని దిబ్బ మీదికి పోయాడట. ఎంతకీ రాలేదట. పోయి చూస్తే బండ పక్కకు జరిపి ఉందట, పిలిస్తే పలకడం లేదట.

పరుగెత్తాను. వంగి చూశాను. లోపల జొన్నల మీద పోచన్న పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మూట కట్టడానికి తెచ్చుకున్న తువ్వాలు చెయ్యి కింద పరిచే ఉంది.

నేను ఒక కాలు లోపల పెట్టాను. వెనక నుంచి ఎవరో జడ పట్టి లాగారు. అత్త. జ్వరంతోనే నా వెంట వచ్చింది. "దిగకు! దాంట్ల గాలి లేదు! నువ్వూ సస్తవు!" అని అరిచింది. మూసిన పాతర తెరిచాక ఒక రోజంతా వదిలేయాలట, అప్పుడే మనిషి దిగాలట. పాతర మూసిన రోజు ఆమె ఈ మాట అందరికీ చెప్పింది. ఆ రోజు పోచన్న ఊళ్లో లేడు.

కాశీబాయి మొగుణ్ణి పిలుస్తూనే ఉంది. నేను దిబ్బ అంచున నిలబడి కట్ట వైపు గొంతు చిరిగేలా అరిచాను.

మగవాళ్లు వచ్చారు. తడిపిన గొంగడి తాడుకు కట్టి లోపలికి దింపుతూ లాగుతూ గాలి ఆడించారు. నాగేశ్వర్ నడుముకు తాడు కట్టుకున్నాడు. ఎవరూ అతణ్ణి దిగమనలేదు. మొదటిసారి దిగి సగంలోనే సోలిపోయాడు, లాగేశారు. నీళ్లు కొట్టారు. కళ్లు తెరిచి మళ్లీ దిగాడు. నేను వద్దు అనలేదు. అనాలని ఉంది. తాడు కొస పట్టుకున్నాను.

రెండోసారి పోచన్నను తెచ్చాడు.

పోచన్న లేడు.

25 జూన్

పోలీసులు వచ్చి పంచనామా రాసుకుని పోయారు. నాగేశ్వర్ నిన్నటి నుంచి కక్కుతూనే ఉన్నాడు. తల పగిలిపోతోందంటున్నాడు.

మైసవ్వ ఏడవలేదు. పోచన్న చెప్పులు దిబ్బ మీద ఉంటే తెచ్చి ఎండలో పెట్టింది.

26 జూన్

ధర్మాబాద్ సావుకారి మనిషి బండి తోలుకుని వచ్చాడు. బండిలో జొన్న బస్తాలు. ఎంత తొందరగా తెలిసిపోతాయి! శవం లేచిన గింజలు తింటారా, తినకూడదు, మాకు అమ్మేయండి, మంచివి మేమిస్తాం, పంటకు తిరిగి ఇవ్వండి అని మరాఠీలో, తెలుగులో, తియ్యగా చెప్పాడు. మూడు ఇళ్లవాళ్లు బస్తాలు దింపుకున్నారు.

27 జూన్

మీటింగ్ కాదు, కొట్లాట. అంతా రాజమౌళన్న మీద పడ్డారు. ఒకాయన "మిల్లుల నేర్చిన తెలివి మా మీద రుద్దినవ్, పోరన్ని మింగినవ్" అన్నాడు. రాజమౌళన్న తల ఎత్తలేదు. నేను లేచి, చెయ్యి ఎత్తింది అతనొక్కడే కాదు, మనమందరం ఎత్తామని అన్నాను. ఒక ముసలాయన నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

పాతర అట్లాగే నోరు తెరిచి ఉంది. చుట్టూ ముళ్లకంప వేశారు. అటు ఎవరూ పోవడం లేదు. వాన వస్తే అంతా కుళ్లిపోతుంది.

28 జూన్, పొద్దున

నాగేశ్వర్ వెళ్లిపోయాడు. ట్రంకు పెట్టె తీసుకున్నాడు. మన్మాడ్ పోయే బండి ఎక్కి అటునుంచి బొంబాయి. "ఈ ఊర్ల ఊపిరి ఆడ్తలేదు నాకు" అన్నాడు. నన్ను తర్వాత పిలిపించుకుంటానన్నాడు. అత్త ముఖం గోడ వైపు తిప్పుకుంది.

రాజమౌళన్న ఇంటికి తాళం వేసి ఉందట.

మధ్యాహ్నం

మబ్బు. మబ్బు చూసి భయపడే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

సాయంత్రం

నాగేశ్వర్ తిరిగి వచ్చాడు! వెనకాలే రాజమౌళన్న. ఇద్దరి నెత్తిన రెండు ట్రంకు పెట్టెలు. వాకిట్లో దించి ఇద్దరూ నా వైపు చూడకుండా నిలబడ్డారు.

ధర్మాబాద్ స్టేషన్‌లో ఒకే బెంచీ మీద కలిశారట. రాజమౌళన్న నాందేడ్ టికెట్ కొన్నాడు. నాగేశ్వర్ చెప్పింది ఇంతే. "ఒకల మొకం ఒకలం సూస్కున్నం. మస్తు సిగ్గయింది. బండి అచ్చింది, పోయింది. మేం ఎక్కలే." తర్వాత రాజమౌళన్నతో, "నువ్ పోతే మైసవ్వకు ఎవలు జవాబ్ చెప్పాలె?" అన్నాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు. కోపంగానే అతనికి అంబలి పోశాడు.

29 జూన్

పొద్దున్నే ముగ్గురం దిబ్బ మీదికి పోయి ముళ్లకంప తీశాం. కందీలు వెలిగించి తాడుతో లోపలికి దింపాం. ఆరలేదు, అంటే లోపల గాలి ఉంది. నాగేశ్వర్ దిగాడు. ఒక్కొక్క గంప పైకి వస్తోంది. నేను అందుకుని గోనెపట్టా మీద పోస్తున్నాను. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. దగ్గరికి ఒక్కరు రారు. కుప్ప పెరుగుతోంది, తీసుకునేవాళ్లు లేరు. మబ్బు నెత్తి మీదికి వచ్చింది.

అప్పుడు మైసవ్వ వచ్చింది. చేతిలో చాట. జనం పక్కకు జరిగారు. కుప్ప ముందు నిలబడి, "కోడలు పస్తులున్నది. నాకు పోయుండ్రి" అంది. అంతే. నేను చాట నిండా పోశాను. కొన్ని కింద ఒలికాయి. ఆమె కింద పడిన గింజలు కూడా ఏరుకుని వెళ్లింది.

ఆమె వెనక అందరూ వచ్చారు. చివరి గంప అందేసరికి పెద్ద చినుకులు.

30 జూన్

రాత్రంతా కురిసింది. కట్ట దగ్గరికి పోయి చూశాం. వాగు నీళ్లు ఎర్రగా నిలబడ్డాయి. ఒక మూల కారుతోంది, రాళ్లు వేశారు. ఎవరూ సంతోషంగా అరవలేదు. కాశీబాయి ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు.

9 సెప్టెంబర్

సావుకారి మనిషి మళ్లీ బస్తాలతో వచ్చి, ఎవరూ దింపుకోక అట్లాగే తిరిగి పోయాడు. ఆ మూడు ఇళ్లే అతనికి బాకీ.

రాజమౌళన్న రోజూ పొద్దున్నే మైసవ్వ చేనులో కలుపు తీసి, ఆ తర్వాతే తన చేనుకు పోతున్నాడు. ఆమె అతనితో మాట్లాడదు. పొమ్మని కూడా అనదు.

14 జనవరి 1975

కమిటీలో ఈసారి నాగేశ్వర్ ఉన్నాడు. అతను అడిగింది ఇది. ఒక్క పెద్ద పాతర ఎందుకు? చిన్నవి నాలుగు తవ్వితే, ఒకటి తెరిచినా మిగతావి చెడవు కదా. ఆకలి అన్నవాళ్లకు అదే రోజు తెరవాలి, చేతులు ఎత్తడాలు వద్దు. ఇంత చిన్న సంగతి పోయినేడు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

పాతదాన్ని పూడ్చేద్దామన్నారు. మైసవ్వ ఒప్పుకోలేదు. కొత్తవి మూడు తవ్వాలని, నాలుగోది పాతదే అని తేల్చారు.

2 మార్చి 1975

కొత్తవి మూడూ నింపాం. పాతదాని దగ్గర అందరం ఆగిపోయాం. మైసవ్వ తన జొన్నల గంప దించి, మూతి దగ్గర బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి, "పోచా" అని ఒక్కసారి పిలిచింది. కాసేపు విన్నది. లేచి, గంప నా చేతికి ఇచ్చింది.

"దీంట్ల పొయ్యి" అంది.