గేటు దగ్గర చెప్పాల్సిన మాట

అమ్మకు,

నిన్న నువ్వొచ్చి వెళ్లాక, తాగుడు మాన్పించే ఈ ఆసుపత్రిలో ఇంకా ఎవరూ తేరుకోలేదు. నన్ను కౌగిలించుకుంటూనే, నీ ముఖం గుమ్మంలోని జనానికి కనిపించేలా మెల్లగా తిప్పావు చూడు, నేనూ నటినే కదా, ఆ పనితనానికి మనసులోనే దండం పెట్టాను. వాళ్లకు నా వీపే దక్కింది. నర్సులు వెక్కి వెక్కి ఏడ్చారు. డాక్టరుగారు నీతో ఫొటో దిగిన సంబరంలో నన్ను చూడకుండానే వెళ్లిపోయారు.

"మీ అమ్మగారు దేవతమ్మా!" అంది ఆయా.

"అవును, నాలుగైదు సినిమాల్లో" అన్నాను.

ఆదివారం మళ్లీ రా. మేకప్ మాత్రం వద్దు. గేటు దగ్గర గుర్తుపట్టక ఆపితే కోప్పడకు. స్టూడియో గేట్ల దగ్గర ఇన్నాళ్లూ నేను నీ కూతురినని చెప్పుకునే లోపలికి వెళ్లాను. ఈ ఒక్కసారికి, "ఆ అమ్మాయి తల్లిని" అని నువ్వు చెప్పుకో.

నీ అమ్మాయి