యూరియా సంచిల తెచ్చిన మట్టి

ఆర్మూర్, సోమవారం.

హన్మండ్లన్నకు తమ్ముడు కాశీరాం శనార్తి. నా నంబర్ బ్లాక్ చేసినవ్, గందుకే కార్డు రాస్తున్న.

మన పసుపు చేనుకు పెంట ఎరువు అక్కర్లేదని మట్టి పరీక్ష రిపోర్ట్ చూపిచ్చి నీతోని కొట్లాడిన గద. గా రిపోర్టే తప్పంట. మట్టిని ఖాళీ యూరియా సంచిల తెచ్చిన, గందుకే మట్టిల లేని బలం కాయితంల కనబడ్డదని పరీక్ష చేసిన సారు ఇయ్యాల నన్ను మస్తు తిట్టిండు. నువ్వు పిడికిట్ల మట్టి పట్టి "సత్తువ పోయిందిరా" అన్నదే నిజం.

నీకు చెప్పకుంట నేను అమ్మిన పెంటకుప్పకు శుక్రారం నందిపేట్ ట్రాక్టర్ వస్తది. అడ్డం నిలబడు, ఒక్క గంప ఎత్తనియ్యకు. మట్టి మళ్ల తీసి, వదినె ఉతికిన బట్టసంచిల పంపు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? వదినెకు దండాలు.

బ్లాక్ తియ్యన్నా. తిట్టనీకైనా జర ఫోన్ చెయ్యి.