చివరి ఫోనుకు సున్నా

బహదూర్‌పల్లి
2008 ఆగస్టు 19, మంగళవారం

ఏమండీ, బాగున్నారా... అడిగే అలవాటు ఇంకా పోలేదు. మీరు మమ్మల్ని విడిచి వెళ్ళి పద్నాలుగు నెలలైంది.

ఇన్నాళ్ళూ రాయాలనిపించలేదు. మన అమ్మాయి స్రవంతి ఎం.టెక్ ప్రాజెక్టు శుక్రవారం ఇవ్వాలి. ఏ లెక్కతో ఇవ్వాలో ఇవాళే తేల్చుకుంది. మీకు చెప్పకుండా ఎట్లా?

టెలిఫోన్ శాఖలో స్తంభాలు, తీగలు చూసిన మీకు ఇది నచ్చేది. ఒకే టవరు మీద చాలా యాంటెన్నాలు పెడతారట. అవన్నీ కలిసి ఒకేసారి ఎన్నో ఫోన్లతో మాట్లాడతాయి. కానీ టవరుకున్న పవరు ఒక హద్దు దాటకూడదు. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గించాలి. పక్కపక్కనున్న ఇద్దరికీ ఎక్కువిస్తే ఒకరి మాట ఇంకొకరికి రొద అవుతుంది. మరి ఎవరికెంత? అదే దాని ప్రాజెక్టు.

మన శామీర్‌పేట్ రోడ్డునే బొమ్మగా గీసుకుంది. టవరు బస్టాండు దగ్గర. చివరి ఫోను లాల్‌గడి మలక్‌పేట్‌లో, మీ చెల్లె లక్ష్మమ్మ ఇల్లు. ఇప్పటికీ డాబా ఎక్కితే గానీ ఆమె మాట వినబడదు. "ఎక్కినవా చెల్లే? ఇంకో మెట్టెక్కు!" అని మీరు ఇక్కడినుంచి అరిచేవారు... ఫోను లేకున్నా వినబడేంత గట్టిగా.

అందరి ఫోన్లకూ అందే డేటా వేగం కలిపితే వచ్చే మొత్తం వీలైనంత ఎక్కువ కావాలని ప్రోగ్రాం రాసింది. వచ్చింది. వాళ్ళ సారు మెచ్చుకున్నారు. నన్ను సరిచూడమంది. నేను లెక్కల టీచరునని ఇంట్లో గుర్తున్నది దానికొక్కదానికే. కూడి చూశాను, సరిపోయింది. కానీ లక్ష్మమ్మ ఇంటికి ఎదురుగా సున్నా. దూరానికిచ్చే పవరు దగ్గరివాళ్ళకిస్తే మొత్తం పెరుగుతుందని ప్రోగ్రాం ఆమెను వదిలేసిందట.

లెక్కలో తప్పు లేదు. ఎర్ర పెన్ను మూసి ఆ సున్నానే చూస్తూ కూర్చున్నాం, ఇద్దరం.

స్రవంతి మార్చి రాసింది. ముందు అందరికీ మాట వినబడేంత, ఆ పైన మిగిలింది బాగా అందేవాళ్ళకు. మొత్తం తగ్గింది. పాత పద్ధతులకంటే మెరుగని చూపించలేవు, మార్కులు పోవచ్చు అన్నారు సారు. ఆయన మాటా నిజమే. మొదటి ర్యాంకు చేతికందే దూరంలో ఉంది. రెండు రోజులు సరిగా తినలేదు పిల్ల. నేనేం చెప్పాలి? ఒక్క మార్కు పోయినా ఊరుకునేదాన్ని కాదని మీకు తెలియదా?

మన చిన్నోడి పెళ్ళి గుర్తుందా? బంతి మొదటినుంచి గంటె కొలిచి వడ్డిస్తున్నాను. మీరొచ్చి గిన్నె లాక్కున్నారు. "ఏందే టీచరమ్మా, బువ్వ వెడ్తున్నవా, మార్కులేస్తున్నవా? గా కొసకు కూసున్నోళ్ల ఇస్తర్లు జూడు. ఆడికెల్లి మొదలువెట్టు. ఈడోళ్లు ఎట్లన్న అడిగి ఏపిచ్చుకుంటరు." అంతమంది ముందు! వారం రోజులు మీతో మాట్లాడలేదు. ఆ తర్వాత మనింట ప్రతి బంతీ కొసనుంచే మొదలైంది... మీరు గమనించారో లేదో.

సాయంత్రం స్రవంతి కొత్త లెక్కే ఇస్తానంది. ఆ పైన నా ముఖంలోకి చూసింది. ఇవ్వమన్నాను.

మీరుంటే దాని తల నిమిరేవారు. నాకది చేతకాదు. పెరుగన్నం కలిపి ముందు పెట్టాను. తిన్నది.

ఇక జరగాల్సినవి:

1. పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కనే పెట్టాలి. మొత్తం ఎంత తగ్గిందో దాచకూడదు.

2. రేపు పొద్దున నేను ఇంకోసారి సరిచూడాలి. ఎర్ర పెన్నుతోనే.

3. శుక్రవారం కాలేజీ గేటుదాకా వెంట వెళ్ళాలి. లోపలికి రావద్దంది, వెళ్ళను.

4. మార్కులొచ్చాక మీకు రాయాలి. తగ్గితే దాన్ని ఒక్క మాట అనను, మీతోనే పోట్లాడతాను. ఎప్పటిలా నవ్వి తప్పించుకుంటే ఒప్పుకోను.